సైబర్ చదువుకు సర్కార్ స్కాలర్‌షిప్.. మరి కొలువు గ్యారంటీ ఎవరిది? అమెరికాలో ఏమైంది, హైదరాబాద్‌లో దారి ఏంటి?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. ఒక బిల్డింగ్ మీద గ్రూప్స్, ఎస్ఐ, బ్యాంక్ జాబ్స్. పక్క బిల్డింగ్ మీద పైథాన్, క్లౌడ్, ఎథికల్ హ్యాకింగ్. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఇదే సీన్. వెనక గల్లీల్లో హాస్టళ్లు. నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లలతో ఎప్పుడూ ఫుల్.

మొదటి రకం బోర్డు కింద చేరేవాళ్లకు సర్కార్ కొలువు కావాలి. రెండో రకం బోర్డు కింద చేరేవాళ్లకు ప్రైవేట్ కంపెనీలో మంచి ప్యాకేజ్ కావాలి. ఈ రెండింటి మధ్యలో మరో స్టూడెంట్ ఉంటాడు. "సైబర్ సెక్యూరిటీ చదువుతా, గవర్నమెంట్‌లోనే పని చేస్తా" అంటాడు. అతను ఏ మెట్లెక్కాలి? దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి బోర్డు లేదు.

అమెరికాలో మాత్రం ఆ బోర్డు పాతికేళ్లుగా ఉంది. చదువు ఖర్చు మొత్తం సర్కారే పెట్టుకుంటుంది, పైన స్టైపెండ్ ఇస్తుంది, చదువయ్యాక సర్కార్‌లోనే పని చేయమంటుంది. పేరు 'సైబర్‌కార్ప్స్: స్కాలర్‌షిప్ ఫర్ సర్వీస్'. షార్ట్‌గా ఎస్ఎఫ్ఎస్. అయితే 2025లో ఆ స్కీమ్‌కే గట్టి దెబ్బ తగిలింది. చదువు పూర్తయింది, ఉద్యోగం లేదు, పైగా స్కాలర్‌షిప్ కాస్తా అప్పుగా మారే ప్రమాదం వచ్చింది.

అసలు ఆ స్కీమ్ ఎలా నడుస్తుంది? మన పిల్లలకు అందులో చోటుందా? మన దగ్గర అలాంటిది ఎందుకు లేదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అమెరికా స్కీమ్ ఇదీ..

ఎస్ఎఫ్ఎస్ 2000లో మొదలైంది. 2001 నుంచి స్టూడెంట్లకు స్కాలర్‌షిప్‌లు అందుతున్నాయి. డబ్బిచ్చేది నేషనల్ సైన్స్ ఫౌండేషన్. ఉద్యోగాల వైపు చూసేది అక్కడి సిబ్బంది వ్యవహారాల ఆఫీసు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కూడా ఇందులో భాగస్వామి. స్టూడెంట్ నేరుగా వాషింగ్టన్‌కు అప్లై చేయక్కర్లేదు. ఎంపికైన యూనివర్సిటీలకు గ్రాంట్ వస్తుంది, ఆ యూనివర్సిటీలే స్టూడెంట్లను సెలెక్ట్ చేసుకుంటాయి.

ఎంత ఇస్తారంటే.. ట్యూషన్ ఫీజు పూర్తిగా కట్టేస్తారు. మాస్టర్స్, పీహెచ్‌డీ స్టూడెంట్లకు ఏడాదికి 37 వేల డాలర్ల వరకు స్టైపెండ్. డిగ్రీ స్థాయిలో 27 వేల డాలర్ల వరకు. సర్టిఫికేషన్లు, ప్రయాణాలు, పుస్తకాల కోసం ఏడాదికి ఇంకో 6 వేల డాలర్ల వరకు. ఇలా మూడేళ్ల దాకా ఇవ్వొచ్చు. రెండేళ్ల మాస్టర్స్ లెక్క వేస్తే ఫీజు కాకుండానే 86 వేల డాలర్ల వరకు స్టూడెంట్ చేతికి వస్తుంది.

బదులుగా ఏం చేయాలి? ఎన్నేళ్లు స్కాలర్‌షిప్ తీసుకుంటే అన్నేళ్లు ప్రభుత్వంలో సైబర్ సెక్యూరిటీ పని చేయాలి. రెండేళ్లు తీసుకుంటే రెండేళ్లు. చదివే రోజుల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ కూడా ప్రభుత్వ సంస్థలోనే. ఎక్కువ మంది ఫెడరల్ శాఖల్లో చేరాలి. కొందరికి రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల్లో, విద్యాసంస్థల్లో చేరే వీలుంది. ఏటా స్టూడెంట్లకూ ప్రభుత్వ శాఖలకూ కలిపి జాబ్ ఫెయిర్ కూడా పెడతారు.

మాట తప్పితే? తీసుకున్న డబ్బంతా లోన్‌గా మారుతుంది, తిరిగి కట్టాలి. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల టైమ్. ఆ ఉద్యోగం వెతుక్కోవాల్సింది స్టూడెంటే. సర్కార్ పోస్టు చేతిలో పెట్టదు. పాతికేళ్లుగా ఈ నిబంధన ఎవరికీ పెద్దగా భారం అనిపించలేదు. సైబర్ తెలిసినవాళ్ల కోసం ప్రభుత్వ శాఖలే వెతుక్కునే పరిస్థితి అప్పట్లో.

ఒకే క్లాసు.. రెండు లెక్కలు

ఇక్కడ మన తెలుగు ఇళ్లకు సంబంధించిన పాయింట్ ఒకటుంది. ఎస్ఎఫ్ఎస్‌కు అమెరికా పౌరసత్వం గానీ, గ్రీన్‌కార్డ్ గానీ ఉండాలి. ఎఫ్1 వీసా మీద వెళ్లినవాళ్లకు ఇది వర్తించదు. ప్రభుత్వ రహస్యాలు చూసే ఉద్యోగం కాబట్టి ఆ షరతు అక్కడివాళ్లకు మామూలే.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే యూనివర్సిటీల్లో టెక్సాస్‌లోని యూటీ డల్లాస్ ఒకటి. అక్కడ ఎస్ఎఫ్ఎస్ ఉంది. అంటే ఒకే క్లాస్‌రూమ్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. ఒకరు అక్కడే పుట్టిన తెలుగమ్మాయి, స్కాలర్‌షిప్ మీద చదువుతోంది. ఫీజు సర్కార్‌ది, స్టైపెండ్ సర్కార్‌ది. పక్కన ఎల్బీనగర్ నుంచి వెళ్లిన అబ్బాయి. ఇంటి కాగితాలు బ్యాంక్‌లో పెట్టి తెచ్చిన లోన్ మీద చదువుతున్నాడు. ఇద్దరిదీ ఒకే సిలబస్, ఒకే ల్యాబ్, ఒకే పరీక్ష. చదువు అయ్యాక ఒకరి ముందు సర్కార్ ఉద్యోగం, ఇంకొకరి ముందు ఓపీటీ గడువు.

అందుకే "అమెరికా వెళ్తే సైబర్ కోర్సుకు ఫుల్ స్కాలర్‌షిప్, గవర్నమెంట్ జాబ్" అని ఎవరైనా చెబితే ఒక్క ప్రశ్న అడగండి. "ఎఫ్1 వాళ్లకు ఇస్తారా?" ఎస్ఎఫ్ఎస్ విషయంలో జవాబు ఒక్కటే. ఇవ్వరు. అయితే డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడి పౌరసత్వం, గ్రీన్‌కార్డ్ ఉన్న బాబాయ్, పిన్ని, మేనమామల పిల్లలకు ఇది పనికొస్తుంది. వాళ్లకు చెప్పే ముందు 2025లో ఏం జరిగిందో కూడా చెప్పాలి.

2025లో ఏం జరిగింది?

2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేశారు. అదే రోజు ఫెడరల్ సివిలియన్ ఉద్యోగాల భర్తీని ఆపేస్తూ ఆదేశాలిచ్చారు. తర్వాత శాఖల్లో సిబ్బంది కోతలు మొదలయ్యాయి. దేశం మొత్తానికి సైబర్ రక్షణ చూసే సిసా అనే సంస్థ నుంచే ఆ ఏడాది దాదాపు వెయ్యి మంది బయటికి వెళ్లిపోయారు. ఎస్ఎఫ్ఎస్ స్టూడెంట్లు ఆశగా చూసే సంస్థల్లో అది ముందు వరుసలో ఉంటుంది.

ఫలితం ఏంటంటే.. కొందరికి ఇచ్చిన ఆఫర్లు వెనక్కి పోయాయి. ఇంటర్న్‌షిప్‌లు రద్దయ్యాయి. కొత్తగా వెతుక్కునేవాళ్లకు నోటిఫికేషన్లే లేవు. కానీ 18 నెలల గడువు మాత్రం నడుస్తూనే ఉంది. ఉద్యోగం ఇవ్వనిది సర్కార్, ఉద్యోగం చేయలేదని అప్పు కట్టమనేదీ సర్కారే. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు స్టూడెంట్ తన వైపు మాట ఇచ్చాడు. సర్కార్ తన వైపు 'నీ కోసం పోస్టు ఉంచుతా' అని రాసివ్వలేదు. ఆ తేడా పాతికేళ్ల తర్వాత బయటపడింది.

ఇండియాలో ఇలాంటి స్కీమ్ పెట్టాలనుకునే ఎవరైనా ముందు చదవాల్సిన పాఠం ఇదే. స్కాలర్‌షిప్ ఇవ్వడం సులువు. పోస్టు రిజర్వ్ చేసి పెట్టడమే కష్టం.

మన దగ్గర ఉన్నవి ఏంటి?

అసలేమీ లేదనుకుంటే పొరపాటు. ముక్కలు ముక్కలుగా చాలా ఉన్నాయి.

మొదటిది గేట్ స్కాలర్‌షిప్. గేట్ స్కోర్‌తో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఫుల్‌టైమ్ ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయలు, 24 నెలల వరకు. మొత్తం కలిపితే 2,97,600. మంచిదే. కానీ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ ఫీజు, చార్జీలు, పుస్తకాలు తీసేస్తే ఇంటికి పంపడానికి మిగిలేది అంతంతే. అన్నిటికంటే ముఖ్యం.. ఆ డబ్బుకూ సర్కార్ ఉద్యోగానికీ ఏ లింకూ లేదు. చదివాక ఎక్కడైనా చేరొచ్చు.

రెండోది ఐసీ అంటే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ప్రోగ్రామ్. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖది. 2005లో మొదటి దశ, 2014లో రెండో దశ, 2023లో మూడో దశ మొదలయ్యాయి. రెండో దశకు 96.08 కోట్లు కేటాయించి, 1.14 లక్షల మందికి ట్రైనింగ్ టార్గెట్ పెట్టుకున్నారు. మూడో దశలో టార్గెట్ 2.25 లక్షల మంది. ల్యాబులు, కోర్సులు, టీచర్లకు ట్రైనింగ్, జనానికి అవగాహన.. అన్నీ ఉన్నాయి. ట్రైనింగ్ అయినవాడికి పోస్టు ఉందా అంటే, అది ఆ ప్రోగ్రామ్ పనికాదు.

మూడోది సీడాక్. ఎల్బీనగర్ వాళ్లకు దగ్గరే. శ్రీశైలం హైవే మీద హార్డ్‌వేర్ పార్క్‌లో ఉంది సీడాక్ హైదరాబాద్. ఐసీ అవగాహన కార్యక్రమాల్లో ఈ సెంటర్‌ది ముఖ్యమైన పాత్ర. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ కలిపి సీడాక్ నడిపే పీజీ కోర్సు ఉంది. సీ-క్యాట్ ఎంట్రన్స్ రాసి చేరాలి. 900 గంటల కోర్సు. ఫీజు స్టూడెంటే కట్టుకోవాలి. ప్లేస్‌మెంట్ ఎక్కువగా ప్రైవేట్ కంపెనీల వైపే.

నాలుగోది మంచి కాలేజీల్లోని ఎంటెక్‌లు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో, వరంగల్ ఎన్ఐటీలో కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ పేరుతోనే ఎంటెక్ ఉంది. చదువుకు లోటు లేదు.

మరి ఉద్యోగాల వైపు చూస్తే? దేశంలో సైబర్ దాడులు జరిగితే స్పందించే సీఈఆర్‌టీ-ఇన్ 2004 నుంచి ఉంది. పవర్ గ్రిడ్, బ్యాంకింగ్ లాంటి కీలక వ్యవస్థలను చూసే ఎన్‌సీఐఐపీసీ 2014లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు, సర్వర్లు నడిపే ఎన్ఐసీ ఉంది. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాటి వెళ్తే కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో ల్యాబులున్నాయి. సైంటిస్ట్-బీ పోస్టు వస్తే లెవెల్ 10 జీతం, బేసిక్ 56,100 నుంచి మొదలు.

చిక్కు ఏంటంటే.. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎన్ఐసీ సంగతే చూడండి. 2020లో 495 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ పెద్ద నోటిఫికేషన్ 2023లో, 598 పోస్టులకు. అందులో సైంటిస్ట్-బీ పోస్టులు 71 మాత్రమే. ఏటా గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్ రాసేవాళ్లు లక్షకు పైనే ఉంటారు. మూడేళ్లకోసారి వచ్చే 71 పోస్టుల కోసం హాస్టల్‌లో కూర్చుని ఎదురుచూడమని ఏ అమ్మానాన్న చెబుతారు?

ఇంకో విషయం. సైబర్ చదివిన ఎంటెక్ స్టూడెంట్, మామూలు కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్ ఇలాంటి పోస్టులకు దాదాపు ఒకే లైన్‌లో నిలబడాలి. రెండేళ్లు ప్రత్యేకంగా సెక్యూరిటీ చదివినందుకు ఆ లైన్‌లో ముందుకు జరిగేదేమీ లేదు. దీంతో తెలివైన పిల్లలు ఏం చేస్తున్నారు? ప్రైవేట్ వైపు వెళ్లిపోతున్నారు. లేదంటే అమెరికా, ఆస్ట్రేలియా ఫ్లైట్ ఎక్కుతున్నారు.

సర్కార్‌కు నిజంగా అవసరం ఉందా?

ఉంది. ఎంతుందో కొన్ని సంఘటనలు చూస్తే తెలుస్తుంది.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు రెండు వారాల పాటు దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో ఒకటైన ఎయిమ్స్‌లో ఓపీ చీటీలు, రిపోర్టులు చేత్తో రాసుకున్నారు. 2019లో తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కు మాల్‌వేర్ సోకినట్టు ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. ప్లాంట్ కంట్రోల్ సిస్టమ్‌కు ఏమీ కాలేదని చెప్పింది.

మన దగ్గరకు వస్తే.. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా లీకైంది. ఆడపిల్లలు, సామాన్య జనం భద్రత కోసం ఫోన్‌లో వేసుకున్న యాప్ అది. ఆ కేసులో పోలీసులు పట్టుకున్న నిందితుడు ఒక 20 ఏళ్ల స్టూడెంట్. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కనిపించే వయసే అది. ఆ వయసులో ఉన్న నైపుణ్యాన్ని సర్కార్ ఏ వైపు తిప్పుకుంటుందన్నది పెద్ద ప్రశ్న.

ఇక జనం పోగొట్టుకుంటున్న డబ్బు. పార్లమెంటుకు కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో 2023లో దేశ ప్రజలు 7,465 కోట్లు పోగొట్టుకున్నారు. 2024లో అది 22,845 కోట్లకు చేరింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. ఎల్బీనగర్‌లో రిటైరైన ఒక టీచర్‌కు 'డిజిటల్ అరెస్ట్' కాల్ వచ్చిందంటే, ఆ ఇంటివాళ్లు ఫోన్ చేసేది 1930కే. ఆ కాల్ తీసుకుని, డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కు పోయిందో నిమిషాల్లో పట్టుకునేవాళ్లు కావాలి.

తెలంగాణ ఈ విషయంలో ముందుగానే కదిలింది. 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పెట్టింది. కేంద్రం కూడా 2024 సెప్టెంబర్‌లో 'సైబర్ కమాండో' ప్రోగ్రామ్ తెచ్చింది. ఐదేళ్లలో 5 వేల మందిని తయారు చేయాలన్నది టార్గెట్. అయితే వీళ్లంతా ఇప్పటికే పోలీసు, కేంద్ర బలగాల్లో ఉన్నవాళ్లు. యూనిఫాం వేసుకున్నవాళ్లకు కంప్యూటర్ నేర్పిస్తున్నారు. కంప్యూటర్ నేర్చుకున్న స్టూడెంట్‌ను సర్కార్‌లోకి తెచ్చే దారి మాత్రం ఇంకా వేయలేదు.

మోడల్ మన పక్కనే ఉంది!

ఆశ్చర్యం ఏంటంటే, చదివించి కొలువిచ్చే పద్ధతి కోసం అమెరికా దాకా వెళ్లాల్సిన పనే లేదు. ఎల్బీనగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా ఈసీఐఎల్ వైపు వెళ్తే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ వస్తుంది. హైదరాబాద్‌వాళ్లకు ఎన్ఎఫ్‌సీగా తెలిసిన సంస్థ. బార్క్ ట్రైనింగ్ స్కూళ్లలో ఒకటి అక్కడే నడిచింది.

బార్క్ ట్రైనింగ్ స్కూల్ 1957లో మొదలైంది. అప్పట్లో దేశంలో అణు ఇంజినీర్లు దొరికేవాళ్లు కాదు. మరి ఏం చేశారు? ఇంజినీరింగ్, సైన్స్ చదివిన పిల్లలను పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకున్నారు. ఏడాది ట్రైనింగ్. ఆ ఏడాదీ స్టైపెండ్ ఇచ్చారు. నిర్ణీత మార్కులతో పాసైతే నేరుగా సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం. కనీసం మూడేళ్లు అణుశక్తి శాఖలో పని చేస్తామని బాండ్ రాసివ్వాలి. ఇదే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కొన్నేళ్ల పాటు స్టైపెండ్ నెలకు 55 వేలు ఉండేది. తర్వాత ఇంకా పెంచారు. సెలెక్టయ్యే సబ్జెక్టుల్లో కంప్యూటర్ సైన్స్ కూడా ఉంది.

దీనికి తోడు డీజీఎఫ్ఎస్ అనే ఇంకో దారి ఉంది. అందులో సెలెక్టైనవాళ్లను ఐఐటీల్లాంటి చోట ఎంటెక్ చదివిస్తారు. ట్యూషన్ ఫీజు అణుశక్తి శాఖే కడుతుంది, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. చదువయ్యాక ఆ శాఖలోనే సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరతారు.

అమెరికా ఎస్ఎఫ్ఎస్‌తో పోల్చి చూడండి. రెండింటిలో ఫీజు సర్కార్‌దే, స్టైపెండ్ సర్కార్‌దే, బాండూ ఉంది. ఒక్క చోటే తేడా. ఎస్ఎఫ్ఎస్‌లో ఉద్యోగం స్టూడెంట్ వెతుక్కోవాలి. అణుశక్తి శాఖలో పోస్టు ముందే అనుకుని, దానికి తగ్గట్టే స్టూడెంట్‌ను తీసుకుంటారు. చదివిస్తున్నదీ ఉద్యోగమిస్తున్నదీ ఒకే శాఖ. 1957లో పెట్టుకున్న ఈ ఏర్పాటు ఇన్నేళ్లూ నిలబడటానికి ఆ ఒక్క తేడానే ముఖ్య కారణం.

అణు కేంద్రాల కోసం 1957లో చేసింది, సైబర్ కోసం ఇప్పుడు ఎందుకు చేయకూడదు?

డబ్బు లేదా? లెక్క చూద్దాం

ఉదాహరణకు తెలంగాణ ప్రభుత్వం ఏటా 50 మందిని సెలెక్ట్ చేసిందనుకుందాం. నెలకు 50 వేల స్టైపెండ్, 24 నెలలు. ఒక్కో స్టూడెంట్‌కు 12 లక్షలు. 50 మందికి 6 కోట్లు. ట్యూషన్ ఫీజు వేరే.

దీన్ని ఇంకో స్కీమ్‌తో పోల్చాలి. విదేశాల్లో పీజీ చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్రం ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి లాంటివి. ఒక్కొక్కరికి 20 లక్షల వరకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. పేదింటి పిల్లలకు విదేశీ చదువు దక్కేలా చేసిన స్కీమ్ ఇది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. 50 మందికి ఆ లెక్కన 10 కోట్లు.

కానీ ఆ 20 లక్షలతో అమెరికాలో సైబర్ మాస్టర్స్ చేసి వచ్చిన అమ్మాయి హైదరాబాద్‌లో దిగితే, "మా బ్యూరోలో చేరమ్మా" అని పిలిచే దారి ఉందా? 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక తిరిగి రావాలని ఆలోచించేవాళ్లు పెరిగారు. చదివించింది మన డబ్బు. చదువు అక్కరకొచ్చే టైమ్‌కు మన దగ్గరే తలుపు లేదు.

బాండ్ అంటే భయం.. దానికీ కారణముంది

హైదరాబాద్‌లో 'బాండ్' అనే మాటకు మంచి పేరు లేదు. ఫ్రెషర్‌తో రెండేళ్ల బాండ్ రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే చిన్న కంపెనీల కథలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. అందుకే సర్కార్ బాండ్ అన్నా పిల్లలు వెనకాడతారు.

అయితే సర్కార్ బాండ్ మనకు కొత్తేమీ కాదు. పీజీ మెడికల్ అయ్యాక ప్రభుత్వ ఆస్పత్రుల్లో సీనియర్ రెసిడెంట్లుగా పని చేసే డాక్టర్లను తెలుగు రాష్ట్రాల్లో చూస్తూనే ఉన్నాం. సైబర్ బాండ్ పెడితే మాత్రం అది రెండు వైపులా ఉండాలి. స్టూడెంట్ పని చేయకపోతే డబ్బు తిరిగి కట్టాలి. సర్కార్ నిర్ణీత గడువులోగా పోస్టు ఇవ్వకపోతే బాండ్ దానంతటదే రద్దు కావాలి, ఒక్క రూపాయీ తిరిగి అడగకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా తాకట్టు ఉండకూడదు. అమెరికాలో ఈ రెండో సగం రాసి ఉంటే 2025లో అంతమంది గ్రాడ్యుయేట్లు టెన్షన్ పడాల్సి వచ్చేది కాదు.

ఇంకో అభ్యంతరం కూడా వినిపిస్తుంది. "రెండు మూడేళ్లు పని చేసి ప్రైవేట్‌కు పోతారు కదా, దండగే కదా?" అని. కొందరు పోతారు, నిజమే. ప్రైవేట్‌లో జీతం ఎక్కువ. కానీ ఆ రెండు మూడేళ్లలో ఒక జిల్లా సైబర్ స్టేషన్‌లోనో, రాష్ట్ర డేటా సెంటర్‌లోనో వాళ్లు చేసే పని ఉంటుంది. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంటే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. బయటికి వెళ్లినవాళ్లు కూడా ఈ నగరంలోనే బ్యాంకులో, కంపెనీలో సెక్యూరిటీ చూస్తారు. ప్రభుత్వం పిలిస్తే పలికే పరిచయం మిగులుతుంది.

ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఏం చేయాలి?

స్కీమ్ వచ్చేదాకా ఆగమని చెప్పలేం. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లో చదువుతున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

ఒకటి, గేట్ వదలొద్దు. ఎంటెక్ స్టైపెండ్‌కు అదే దారి. చాలా ప్రభుత్వ టెక్నికల్ పోస్టులకూ గేట్ స్కోర్ పనికొస్తుంది.

రెండు, బార్క్ ట్రైనింగ్ స్కూల్ నోటిఫికేషన్ ఏటా చూడండి. సైబర్ కోర్సు కాదు గానీ, చదివించి కొలువిచ్చే దారుల్లో అదొకటి.

మూడు, కోచింగ్ సెంటర్ బోర్డు మీద 'సీఈఆర్‌టీ-ఇన్ గుర్తింపు' అని కనిపిస్తే దేనికి గుర్తింపో అడగండి. ఆ సంస్థ సెక్యూరిటీ ఆడిట్ చేసే కంపెనీల లిస్టు ఇస్తుంది. ఆడిట్ లిస్టులో పేరుండటం వేరు, కోర్సుకు సర్కార్ ఉద్యోగ హామీ ఉండటం వేరు. 'వంద శాతం గవర్నమెంట్ జాబ్' అని ఎవరైనా అంటే ఫీజు కట్టే ముందు కాగితం మీద రాసిమ్మనండి.

నాలుగు, ఎంత నేర్చుకున్నా పర్మిషన్ లేని సిస్టమ్‌లోకి వెళ్లొద్దు. సరదాకైనా సరే. ఒక్క కేసు నమోదైతే పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే సర్కార్ కొలువు ఆశ చిక్కుల్లో పడుతుంది.

తేల్చాల్సింది ఎవరు?

ఐసీ మూడో దశలో ట్రైనింగ్ టార్గెట్ 2.25 లక్షలు. చదువు చెప్పడానికి కాలేజీలున్నాయి, ల్యాబులున్నాయి, స్టైపెండ్ ఇచ్చే అలవాటు ఉంది. సైబర్ బ్యూరో ఉంది. బాండ్ ఎలా రాయాలో 1957 నుంచి తెలిసిన శాఖ ఈసీఐఎల్ దగ్గరే ఉంది. వీటన్నిటినీ కలపాల్సిన ఒక్క కాగితం మాత్రం లేదు. ఫలానా ఏడాది, ఫలానా శాఖలో, ఇన్ని సైబర్ పోస్టులు, ఇంతమంది స్టూడెంట్లకు.. అని ముందే రాసిపెట్టే కాగితం.

ఆ కాగితం కేంద్రం రాయొచ్చు. తెలంగాణ రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్ రాయొచ్చు. మొదటి బ్యాచ్‌కు 50 మంది చాలు. అంతవరకూ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగే స్టూడెంట్ ముందు రెండు బోర్డులే ఉంటాయి. సైబర్ కావాలంటే ఒకటి, సర్కార్ కావాలంటే ఇంకొకటి. రెండూ కావాలన్నవాడు ఎయిర్‌పోర్ట్ దారి పడుతున్నాడు. అక్కడికెళ్లాక, సర్కార్ స్కాలర్‌షిప్ అక్కడి పౌరులకూ గ్రీన్‌కార్డ్ వాళ్లకే అని తెలుసుకుంటున్నాడు.